పిల్లల లెక్కల కోసం ట్యాబ్ కొంటున్నారా? ముందు ఓ కిచెన్ స్కేల్ కొనండి

ఈ సైట్ చదివే చాలామందికి జీతం లేని ఇంకో ఉద్యోగం కూడా ఉంటుంది. ఇంట్లోవాళ్లకీ చుట్టాలకీ మనమే టెక్ సపోర్ట్. ఏ ఫోన్ కొనాలి, వైఫై ఎందుకు స్లో అయింది, పాత ఫోన్‌లో ఫొటోలు కొత్త దాంట్లోకి ఎలా వస్తాయి... అన్నీ మన దగ్గరికే. ఈ మధ్య నాకు ఎక్కువగా వస్తున్న ప్రశ్న మాత్రం ఒకటే. "పిల్లోడికి లెక్కల్లో మార్కులు వస్తలేవు. చదువుకోవడానికి మంచి ట్యాబ్ ఏదన్నా చెప్పు, పదిహేను వేలలోపు."

మాది హైదరాబాద్ పాతబస్తీ, లాల్‌దర్వాజ దగ్గర. మా వైపు చాలా ఇళ్లల్లో పదిహేను వేలంటే ఈఎంఐ పెట్టి కొనే వస్తువు. వాళ్లు స్పెక్స్ చూసుకోరు, మనం ఏం చెప్తే అదే కొంటారు. అందుకే ఈ ప్రశ్నకు ఆలోచించి జవాబు చెప్పాలి. కొన్నాళ్లుగా నేను చెప్తున్నది ఇదీ: ముందు ఐదారు వందల్లో ఒక డిజిటల్ కిచెన్ స్కేల్, ఒక నోట్‌బుక్ కొనండి. రెండు వారాలకోసారి పిల్లలతో ఇంట్లో బిస్కెట్లు చేయించండి. మూడు నెలలయ్యాక కూడా ట్యాబ్ కావాలనిపిస్తే అప్పుడు మోడల్ చెప్తాను.

గ్యాడ్జెట్ సైట్‌లో వంటింటి ముచ్చటేంటని అనుకోకండి. కిచెన్ స్కేల్ కూడా గ్యాడ్జెటే. లోపల లోడ్ సెల్ ఉంటుంది, దాని సిగ్నల్‌ని అంకెగా మార్చే చిప్ ఉంటుంది, డిస్‌ప్లే ఉంటుంది. పిల్లల చదువు పేరుతో అమ్ముతున్న చాలా వస్తువుల కన్నా ఇది లెక్కలు బాగా నేర్పుతుందని నా అభిప్రాయం. అయితే దానికి ఒక షరతు ఉంది, అది కిందికి వస్తుంది.

యాప్‌తో ఇబ్బంది ఎక్కడ?

నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని, యాప్‌ల మీద నాకు కోపమేమీ లేదు. ఎక్కాలు పక్కాగా రావాలంటే రోజూ పది నిమిషాలు యాప్‌లో ప్రాక్టీస్ చేయడం మంచిదే. కానీ యాప్‌లో ప్రశ్న రెడీమేడ్‌గా వస్తుంది. ఏ అంకెలు తీసుకోవాలి, వాటితో ఏం చేయాలి అన్నది ముందే తేలిపోయి ఉంటుంది. కింద నాలుగు ఆప్షన్లు. తప్పు నొక్కితే ఎర్ర గుర్తు, మళ్లీ ట్రై చేయొచ్చు. నాలుగుసార్లు నొక్కితే ఎవరికైనా సరైన జవాబు దొరుకుతుంది. ఐదో తరగతి చదివే మా అక్క కూతురు ఈ కిటుకు వారంలో పట్టేసింది. స్ట్రీక్ మాత్రం ఒక్కరోజు కూడా తెగలేదు.

డాష్‌బోర్డ్‌లో కనిపించేది ఎన్ని నిమిషాలు వాడారు, ఎన్ని రోజులు వరసగా వచ్చారు అన్నదే. సులువుగా కొలవగలిగేవి కాబట్టి అవే చూపిస్తారు. పిల్లకు అర్థమైందా లేదా అన్నది కొలవడం కష్టం.

గ్రామీణ ప్రాంతాల్లో సర్వే చేసే అసర్ సంస్థ 2024 నివేదికలో రెండు విషయాలు పక్కపక్కన పెట్టి చూడండి. 14 నుంచి 16 ఏళ్ల పిల్లల్లో 82 శాతం మందికి స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చు. ఐదో తరగతి పిల్లల్లో మామూలు భాగహారం చేయగలిగినవాళ్లు 31 శాతంలోపే. వయసులు వేరు, కాబట్టి ఒకదానివల్లే ఇంకొకటి అని చెప్పలేం. కానీ స్క్రీన్ చేతికి రావడం, లెక్క బుర్రకెక్కడం రెండూ వేర్వేరు పనులని మాత్రం తెలుస్తుంది.

మూడు బటన్లు, మూడు పాఠాలు

ఇక స్కేల్ సంగతి. సాధారణంగా దీని మీద రెండు మూడు బటన్లకు మించి ఉండవు.

మొదటిది టేర్. ఖాళీ గిన్నె పెడితే 212 గ్రాములు చూపించింది. టేర్ నొక్కితే 0. మా మేనకోడలు గిన్నె పైకి తీసింది. డిస్‌ప్లే మీద మైనస్ 212.

"మామా, ఇది ఖరాబైందా? బరువు మైనస్ ఎట్ల ఉంటది?"

"గిన్నె మళ్లీ పెట్టి చూడు."

పెట్టింది, 0 వచ్చింది. తీసింది, మైనస్ 212. నాలుగైదుసార్లు అదే పని చేశాక తనే అంది: "అంటే సున్న గిన్నె కాడికెల్లి షురూ అయితుంది. గిన్నె లేకుంటే సున్న కన్నా తక్కువ."

రుణ సంఖ్యలు స్కూల్లో ఆరో తరగతిలో వస్తాయి. సున్నా అంటే 'ఏమీ లేదు' అని మాత్రమే కాదు, మనం ఎక్కడ పెట్టుకుంటే అక్కడి నుంచి లెక్క మొదలవుతుందని ఈ పిల్లకు ఒక స్టీలు గిన్నె ఏడాది ముందే చెప్పింది.

రెండోది యూనిట్ బటన్. గ్రాముల నుంచి మిల్లీలీటర్లకు మారుతుంది. కొలత గ్లాసులో 100 మిల్లీలీటర్ల నీళ్లు పోసి తూస్తే 100 వచ్చింది, బాగుంది. అదే గ్లాసులో అదే గీత వరకు నూనె పోస్తే 92 మిల్లీలీటర్లని చూపించింది. గ్లాసు తప్పా, స్కేల్ తప్పా? రెండూ కాదు. ఈ రకం స్కేల్‌కి తెలిసింది బరువొక్కటే. పైన పెట్టిందల్లా నీళ్లే అనుకుని మిల్లీలీటర్లలోకి మార్చేస్తుంది. నూనె నీళ్ల కన్నా తేలిక కాబట్టి తేడా వచ్చింది. డిస్‌ప్లే మీద అంకె కనిపించినంత మాత్రాన నమ్మేయొద్దని, దాని వెనక ఏ ఊహ ఉందో అడగాలని పదేళ్ల పిల్లకు ఇంతకన్నా బాగా చెప్పడం నా వల్ల కాదు.

మూడోది బటన్ కాదు, స్పెక్ షీట్‌లో ఉండే ఒక లైను: ఒక గ్రాము రిజల్యూషన్. 180 గ్రాముల మైదాలో ఒక గ్రాము అటూ ఇటూ అయితే ఎవరికీ తెలియదు. మూడు గ్రాముల ఉప్పు నాలుగైతే అది 33 శాతం ఎక్కువ, నాలుకకు వెంటనే తెలుస్తుంది. తేడా రెండుచోట్లా ఒక్క గ్రామే. ఆ గ్రాము దేంట్లో ఎంత భాగం అన్నదాన్ని బట్టి రుచి మారుతుంది. శాతం అంటే ఏంటో బిస్కెట్ కొరికితే అర్థమవుతుంది.

3:2:1 బ్యాచ్

పాతబస్తీలో బిస్కెట్ అంటే ముందు గుర్తొచ్చేది ఉస్మానియా. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పేరు మీదుగా వచ్చిన ఈ బిస్కెట్‌ని చార్మినార్ దగ్గర ఇరానీ చాయ్‌లో ముంచుకుని తినని హైదరాబాదీ ఉండడు. తీపి, ఉప్పు రెండూ తగలాలి. ఒక్కో బేకరీది ఒక్కో ఫార్ములా. ఇంట్లో చేసేటప్పుడు కొందరు కస్టర్డ్ పౌడర్, పాలపొడి కూడా వేస్తారు. పిల్లలతో చేసేటప్పుడు వాటి జోలికి వెళ్లకుండా సాదా నిష్పత్తితో మొదలుపెట్టండి. మైదా 3 భాగాలు, వెన్న 2, పంచదార పొడి 1. అన్నీ బరువులోనే. కాస్త ఉప్పు, చిటికెడు యాలకుల పొడి.

మేం చేసిన బ్యాచ్: 180 గ్రాముల మైదా, 120 వెన్న, 60 పంచదార పొడి. మొత్తం 360. ఒక్కో ఉండ 15 గ్రాములు, అంటే 24 బిస్కెట్లు. ఇందులో ఎన్ని లెక్కలు దొరికాయో చూడండి.

ట్రేలో ఎలా సర్దాలి? 4 వరసల్లో ఆరేసి, లేదా 3 వరసల్లో ఎనిమిదేసి. ఒక ఉండ కిందపడి 23 మిగిలాయి. ఇప్పుడు సమానమైన వరసలు ఎలా వస్తాయి? ఎంతసేపు తిప్పి చూసినా రాలేదు, ఒకే పొడుగు వరస తప్ప. ప్రధాన సంఖ్య అంటే ఇదే.

పది బిస్కెట్లే కావాలంటే? 150 గ్రాముల పిండి. 3, 2, 1 కలిపితే 6 భాగాలు. ఒక భాగం 25. అంటే 75, 50, 25.

అన్నిటికన్నా మంచి ప్రశ్న ఫ్రిజ్ తలుపు తీశాక వచ్చింది. ఇంట్లో ఉన్నది 100 గ్రాముల వెన్న ప్యాకెట్ ఒక్కటే. ఇప్పుడెలా? "వెన్న రెండు భాగాలు కదా మామా. రెండు భాగాలు వందైతే ఒక భాగం యాభై." మైదా 150, పంచదార 50, మొత్తం 300, బిస్కెట్లు 20. ఈ ప్రశ్నను ఎవరూ తయారుచేసి ఇవ్వలేదు. ఏ అంకెతో మొదలుపెట్టాలో తనే చూసుకోవాల్సి వచ్చింది. యాప్‌లో దొరకనిది ఇదే.

కాల్చాక అన్నీ కలిపి మళ్లీ తూశాం. 360 గ్రాముల పిండి 330 అయింది. 30 గ్రాములు ఎటు పోయాయి? వెన్నలో, మైదాలో ఉన్న నీరు ఆవిరైపోయింది. 360లో 30 అంటే పన్నెండో వంతు.

చివరిది ఖర్చు. లెక్క సులువుగా ఉండేందుకు కిలో మైదా 50 రూపాయలు, వెన్న 600, పంచదార 50 అనుకున్నాం. 24 బిస్కెట్ల బ్యాచ్‌కి మైదా 9 రూపాయలు, వెన్న 72, పంచదార 3. మొత్తం 84, ఒక్కో బిస్కెట్ మూడున్నర. బరువులో మూడో వంతే ఉన్న వెన్న ఖర్చులో ఏడింట ఆరు వంతులు లాగేసింది. చాలా చౌకగా అమ్మే బిస్కెట్‌లో నిజంగా వెన్నే ఉందా అన్న అనుమానం ఆ పిల్లకే వచ్చింది. ప్యాకెట్ వెనక పదార్థాల జాబితా చదవడం అప్పుడు మొదలుపెట్టింది.

లాడ్‌బజార్ గాజులు చెప్పే హెచ్చరిక

ఇప్పుడు ఆ షరతు సంగతి. 'పిల్లల్ని వంటింట్లోకి పంపితే లెక్కలు వాటంతటవే వచ్చేస్తాయి' అనేవాళ్లతో నేను ఏకీభవించను.

లాడ్‌బజార్‌లో గాజుల సైజులు చూశారా? 2.4, 2.6, 2.8, 2.10. దుకాణంలో కూర్చునే కుర్రాడెవరినైనా అడగండి, 2.8 కన్నా 2.10 పెద్దదని వెంటనే చెప్తాడు. గాజుల్లో అది నూటికి నూరుపాళ్లు నిజం. ఎందుకంటే 2.4 అంటే రెండు అంగుళాల మీద పదహారింట నాలుగు వంతులు, 2.10 అంటే పదహారింట పది వంతులు. అక్కడున్నది దశాంశ బిందువు కాదు. మన యాప్ వెర్షన్లలో 2.8 తర్వాత ఎప్పటికో 2.10 వచ్చినట్టే. అదే కుర్రాడు పరీక్షలో 2.8 కన్నా 2.10 పెద్దదని రాస్తే సున్నా మార్కులు. బజారులో తప్పు లేకుండా సైజు చెప్పేవాడికి ఆ రెండు రాతల మధ్య తేడా ఎవరూ చెప్పకపోతే, స్కూలు లెక్క ఒక ప్రపంచం, దుకాణం లెక్క ఇంకో ప్రపంచం అయిపోతాయి.

ఇది నా ఊహ కాదు. 1985లో ప్రచురితమైన ఒక అధ్యయనం కోసం బ్రెజిల్‌లోని రెసిఫేలో వీధుల్లో సరుకులు అమ్మే ఐదుగురు పిల్లల్ని పరిశోధకులు గమనించారు. బేరం చేస్తున్నప్పుడు వాళ్లు 98 శాతం లెక్కలు సరిగ్గా చేశారు. అలాంటి లెక్కలే కాగితం మీద అంకెలుగా ఇస్తే 37 శాతమే చేయగలిగారు. మన దేశంలో నోబెల్ బహుమతి పొందిన అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో బృందం కోల్‌కతా, ఢిల్లీ మార్కెట్లలో పనిచేసే పిల్లల మీద చేసిన పెద్ద అధ్యయనం 2025లో 'నేచర్' పత్రికలో వచ్చింది. కథ అదే. మార్కెట్ పిల్లలు చిక్కు లెక్కలు నోటితో చేసేస్తారు, పుస్తకంలో లెక్క దగ్గర ఆగిపోతారు. స్కూలు పిల్లలు పుస్తకం లెక్క చేస్తారు, మార్కెట్ లెక్క ఇస్తే తడబడతారు. ఒకటి వస్తే రెండోది దానంతటదే రాదు.

అందుకే స్కేల్‌తో పాటు నోట్‌బుక్ తప్పనిసరి. మేం ప్రతి బ్యాచ్‌కి మూడు పనులు చేస్తాం.

ఒకటి, అందాజు. తూకం వేయకముందే ఎంతుంటుందో రాయాలి. మా అమ్మకు స్కేల్ అక్కర్లేదు, అంతా అందాజే. ఆమె పిడికిలితో మైదా ఐదుసార్లు తీయించి తూశాం: 42, 45, 43, 44, 41. సగటు 43. అమ్మ అందాజు అంత పక్కాగా ఎందుకుంటుందో మేనకోడలికి అర్థమైంది, అమ్మ కూడా కాస్త గర్వపడింది.

రెండు, చేసిన ప్రతి పనినీ గుర్తులతో రాయాలి. నోటితో చెప్పిన "రెండు భాగాలు వందైతే ఒక భాగం యాభై" అన్నది కాగితం మీద 100 ÷ 2 = 50 అవ్వాలి. స్కూల్లో టీచర్ రాసేది, వంటింట్లో తను చేసింది ఒకటేనని కళ్లతో చూడాలి.

మూడు, అదే లెక్క బిస్కెట్లు లేకుండా చేయాలి. మా వీధిలో ఇల్లు కడుతున్నారు. కాంక్రీట్‌లో సిమెంట్, ఇసుక, కంకర 1:2:4. ఇసుక 10 తట్టలుంటే మిగతావి ఎన్ని? వెన్న ప్యాకెట్ లెక్కే కదా. 5, 10, 20. మొదటిసారి పిల్ల ఇక్కడ బాగా ఆగిపోయింది, పది నిమిషాలు పట్టింది. ఆ పది నిమిషాలే అసలు చదువు. ఈ మూడో పని వదిలేస్తే మిగిలేది తినడానికి బిస్కెట్లు మాత్రమే.

ఏ స్కేల్ కొనాలి?

5 కిలోల కెపాసిటీ, ఒక గ్రాము రిజల్యూషన్ చాలు. పెద్ద గిన్నె పెట్టినా డిస్‌ప్లే కనిపించేలా ఉండాలి. ఆటో ఆఫ్ మరీ త్వరగా అయ్యేది వద్దు, పిల్లలు నెమ్మదిగా తూస్తారు, మధ్యలో ఆగిపోతే టేర్ పోతుంది. చిన్న బటన్ సెల్‌తో నడిచేవి వద్దే వద్దు. పిల్లలు మింగితే ప్రాణం మీదికి వస్తుంది. పెన్సిల్ సెల్స్‌తో నడిచేది తీసుకోండి.

కొన్నాక చెక్ చేయడం సులువు. పది రూపాయల నాణేలు పది పెట్టండి, 77 గ్రాములు రావాలి. తర్వాత ఒక్కోటీ తీస్తూ ఎంత తగ్గుతుందో చూడండి. ఒక నాణెం 8 గ్రాములని, పది నాణేలు 77 అని చూపిస్తే మిగతా 3 ఎక్కడ పోయాయో పిల్లల్నే అడగండి.

బ్లూటూత్, యాప్ ఉన్న స్మార్ట్ స్కేల్ మాత్రం ఈ పనికి వద్దు. కొన్ని యాప్‌లలో వెన్న ఎంతుందో చెప్తే చాలు, మిగతా కొలతలన్నీ అదే మార్చి చూపిస్తుంది. పెద్దవాళ్లకు సౌకర్యమే. కానీ పిల్ల చేయాల్సిన ఒకే ఒక్క లెక్క యాప్ చేసేస్తే ఇంక నేర్చుకునేదేముంది? ఇక్కడ ఫీచర్ తక్కువుండటమే ప్లస్ పాయింట్. స్కేల్ బదులు కొలత కప్పులు వాడదామా అంటే, మైదా వదులుగా వేస్తే కప్పుకు 120 గ్రాములు, నొక్కి వేస్తే 150 దాకా వస్తుంది. నిష్పత్తి నిలవదు.

అవెన్ లేకపోతే?

మా వైపు చాలా ఇళ్లల్లో ఓటీజీ ఉండదు. దాని కోసం నాలుగైదు వేలు పెట్టమని నేను చెప్పను. మందపాటి కడాయిలో అడుగున ఉప్పు పోసి, స్టాండ్ పెట్టి, మూత వేసి బాగా వేడిచేశాక బిస్కెట్ల ప్లేట్ లోపల పెడితే పని జరుగుతుంది. కాకపోతే ఒక్కో వాయికి ఆరేడు బిస్కెట్లే పడతాయి. 24కి ఎన్ని వాయిలు, మొత్తం ఎంతసేపు? అదీ లెక్కే. ఓటీజీ ఉంటే 170 డిగ్రీల్లో 15 నిమిషాలు మొదటి అంచనాగా పెట్టుకుని, అంచులు రంగు మారగానే తీసేయండి. రెండిట్లోనూ వేడి పనంతా పెద్దవాళ్లే చూసుకోవాలి.

మైదా, పంచదార ఆరోగ్యానికి మంచివి కాదుగా అంటారా? నిజమే. అందుకే రెండు వారాలకోసారి, పది బిస్కెట్ల బ్యాచ్. కావాలంటే సగం మైదా తీసి రాగిపిండి వేయండి, నిష్పత్తి మారదు.

ఇంకో అభ్యంతరం నాకు ముఖ్యమనిపిస్తుంది. ఇదంతా చివరికి అమ్మల నెత్తిన ఇంకో పని అవుతుందేమో? మా అక్క మొదట అడిగింది ఇదే. "గిన్నెలు ఎవరు తోముతరు?" న్యాయమైన ప్రశ్న. ఈ సలహా ఇచ్చేవాళ్లే ఆదివారం రెండు గంటలు కేటాయించాలి, గిన్నెలతో సహా. నాన్న, అన్న, మేనమామ, బాబాయ్, ఎవరైనా సరే. మన వయసువాళ్లు వారమంతా స్క్రీన్ ముందే ఉంటాం, ఆ రెండు గంటలు మనకూ మంచిదే.

మా తీర్పు

ప్లస్: ధర తక్కువ, ఈఎంఐ లేదు, నోటిఫికేషన్లు లేవు, భిన్నాలు, నిష్పత్తులు, శాతాలు, సగటు చేత్తో ముట్టుకుని నేర్చుకోవచ్చు. మైనస్: పెద్దవాళ్ల టైమ్ కావాలి. ఎక్కాలు, జ్యామితి దీంతో రావు, వాటికి పుస్తకం, ప్రాక్టీస్ ఉండాల్సిందే. నోట్‌బుక్ లేకుండా చేస్తే ఉపయోగం సగం కూడా ఉండదు.

మూడో తరగతి నుంచి ఏడో తరగతి వరకు పిల్లలున్న ఇంటికి కళ్లు మూసుకుని రికమండ్ చేస్తాను. హైస్కూల్ చివర్లో ఉండి, వీడియో పాఠాలు నిజంగా అవసరమైనవాళ్లకు ట్యాబ్ కొనడంలో తప్పు లేదు.

ఈసారి చుట్టాల్లో ఎవరైనా ట్యాబ్ గురించి అడిగితే లింక్ పంపే ముందు ఒక్క మాట అడగండి: "ఆదివారం పిల్లతో కూర్చునేదెవరు?" ఎవరో ఒకరు దొరికితే స్కేల్ లింక్ పంపండి. ఎవరూ లేరంటే, ఒక ఆదివారం మీరే వెళ్లండి.